మామ వేసిన ముడులు

మా మామకు ఒకే కన్ను మిగిలింది. ఎడమ కంటిని, నా పెండ్లికి ముందే, ఊరూరా తిరిగే కండ్ల వైద్యుడొకడు పొర దించుతానని సూదితో పొడిచి పాడుచేసి, తెల్లారేసరికి ఊరు దాటిపోయాడట. నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగు పెట్టేటప్పటికి కుడి కన్ను బాగానే ఉండేది. తర్వాత మెల్లమెల్లగా దానికీ పొర కమ్మింది. ఆ కన్ను ఎట్లా పోయిందో ఇన్నేళ్ళుగా నేనెవరికీ సరిగ్గా చెప్పలేదు. చెప్పబోతే దుఃఖం కంటే ముందు కోపం వస్తుంది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియదు.

మాది కర్నూలు జిల్లాలో క్రైస్తవ కుటుంబం. మామ ఊరి ఉపదేశిగా ఉండేవాడు. ఆదివారం చర్చిలో వాక్యం చెప్పేవాడు, మిగిలిన రోజుల్లో మిషను బడిలో పిల్లలకు చదువు చెప్పేవాడు. చూపు మందగించాక బడి మానేసి ఇంటి పట్టునే ఉన్నాడు. నా భర్త ఇంకో ఊరి బడిలో పంతులు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. వారమంతా ఇంట్లో ఉండేది మామ, అత్త, నేను.

ముగ్గురమే గానీ, మామకూ నాకూ మధ్య మాటలు లేవు. తగాదా ఏమీ లేదు. అది మర్యాద. మా వైపు కోడలు మామ ఎదుట నిలబడదు, ఆయనతో నోరు విప్పదు. మామ కూడా కోడలి వంక చూడడు, పిలవడు. హిందువుల ఇళ్ళలో ఉన్న కట్టుబాటే ఇది. మా తాతలు మతం మారారు గానీ దీన్ని మాత్రం మూట కట్టుకుని వెంట తెచ్చుకున్నారు. మామ బయటి నుంచి వస్తే గుమ్మం అవతలే ఆగి ఒక దగ్గు దగ్గేవాడు. జలుబూ కాదు, రొమ్ము జబ్బూ కాదు. "నేనొస్తాండా, తప్పుకో తల్లీ" అని చెప్పే దగ్గు అది. వినగానే నేను కొంగు సర్దుకుని వంటింట్లోకి జరిగేదాన్ని. అట్లాంటి పద్ధతి గల మామ దొరకడం నా పుణ్యమని ఊళ్ళో ఆడవాళ్ళు అనేవారు.

ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకునేది నేనే. బోర్డింగు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని, గొంతు బాగుంటుందని నాకా పని అప్పగించారు. అక్కడ నా గొంతు ఊరంతా వినేది, మామా వినేవాడు. ఇంటికి రాగానే నేను మూగదాన్ని. ఈ తిక్క అప్పట్లో ఎవరికీ తిక్కగా తోచలేదు, నాకూ తోచలేదు.

ఇక ముడుల సంగతి. మిషను బంగళాలో ఉండే దొరకు వాళ్ళ సీమ నుంచి పాత పేపర్లు కట్టలుగా ఓడలో వచ్చేవి. వాటిలో ఒక మూల నల్ల గళ్ళు, తెల్ల గళ్ళు ఉండేవి. గడికొక అక్షరం చొప్పున అడ్డంగా, నిలువుగా మాటలు నింపాలి. మాటేదో నేరుగా అడగరు, వంకరగా అడుగుతారు. దొర మామకు ఆ విద్య నేర్పించాడు. మామకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా కిటుకు పట్టుకున్నాడు. మద్రాసు నుంచి వచ్చే తెలుగు వారపత్రికలోనూ గళ్ళుండేవి గానీ, అవి ఆయనకు ఆనేవి కావు. "చెట్టు పేరు చెప్పు, నది పేరు చెప్పు అంటే యాముంది దాంట్లో, పిల్లోళ్ళ పరీచ్చ!" అని తీసి పారేసేవాడు. పలక మీద తానే గళ్ళు గీసి, తెలుగులో వంకర ప్రశ్నలు కట్టడం మొదలుపెట్టాడు. వాటికి ముడులని పేరు పెట్టుకున్నాడు.

కట్టినవాడికి విప్పేవాళ్ళు కావాలి కదా. ఊళ్ళో ఎవరికీ పట్టలేదు. చివరికి అత్త దొరికింది. అత్తకు అక్షరం ముక్క రాదు.

"ఏమ్మే, ఇను. ముడి ఏసినోడు అబద్ధం చెప్పడు. అట్లని నేరుగా కూడా చెప్పడు. సగం మాటలో అర్థముంటాది. కడమ సగంలో ఆ పదాన్ని ఎట్ల తయారు చెయ్యాల్నో ఉంటాది. రెండూ యాడ కలుస్తాయో ఆడ జవాబుండాది."

"నాకు రొట్టె ఎట్ల చెయ్యాల్నో తెలుసు. అది సాల్లే" అంది అత్త.

అయినా ఆయన వదల్లేదు. "కలపను తిరగేస్తే పిల్లోడు అక్షరాలు దిద్దుతాడు. ఏంది జెప్పు?" అన్నాడు. నేను వంటింట్లో జొన్నరొట్టె తడుతున్నాను. చేతిలో పిండి ముద్ద అట్లాగే ఆగిపోయింది. కలప. వెనక నుంచి చదివితే పలక. పిల్లవాడు అక్షరాలు దిద్దేది దాని మీదే కదా! నాకు నవ్వొచ్చింది. అత్త నీళ్ళ కోసం లోపలికి వస్తే చెవిలో చెప్పాను.

అత్త పంచలోకి పోయి, "పలకంట" అని ఒక్క మాట విసిరేసింది.

మామ, "ఎట్లో అడుగు. జవాబు చెప్తే సాలదు. ముడి ఎట్ల ఇప్పిందో చెప్పాల" అన్నాడు. ఎవరిని అడగాలో ఆయన అనలేదు, అత్త అడగలేదు.

అట్లా మొదలైంది మా ఆట. రోజూ మధ్యాహ్నం తిండి తిన్నాక మామ పంచలో అరుగు మీద కూర్చుని ఒక ముడి వేస్తాడు. నేను తలుపు వెనక ఉంటాను. నడుమ అత్త. "తల తీసేసిన మునగ ఆడదాని మెడకు అందం" అన్నాడొకసారి. "నగ అని చెప్పత్తా. మునగలో మొదటి అక్షరం తీసేస్తే నగ" అన్నాను. అత్త పోయి, "మునక్కాయ తలకాయ నరికి మెళ్ళో యాలాడేసుకుంటారంట" అని చెప్పింది. మామ అరుగు మీద పడి పడి నవ్వాడు. నేను తలుపు వెనక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఒకే మాటకు ఇద్దరం గోడకు అటొకరం ఇటొకరం నవ్వుతుంటే మధ్యలో అత్తకు ఒళ్ళు మండింది. "నేనేమన్నా తపాలా బంట్రోతునా? ఈ పొద్దుతో సరి. మీరూ మీ ముడులూ!" అని చాట విసిరికొట్టింది. మరుసటి రోజు మళ్ళీ తానే, "ఏమయ్యా, ఈ పొద్దు ఏం ల్యాదా?" అని అడిగింది.

నేనూ ముడులు కట్టి పంపడం నేర్చుకున్నాను. "తిరగబడిన తీగకు కొప్పు పెట్టొచ్చు" అని పంపితే మామ అన్నం ముందు కూర్చుని తినకుండా ఆలోచించాడట. లతను తిప్పితే తల. విప్పాక, "శానా బాగుండాదని చెప్పు" అన్నాడు. బోర్డింగు బడిలో నాకు బహుమతులు వచ్చాయి గానీ, ఆ మాట విన్నప్పటి సంతోషం ఎప్పుడూ కలగలేదు. మామ వేసిన ముడి ఒకటి మాత్రం నన్ను శానా రోజులు ఏడిపించింది. "సంస్కృతంలో నాది, తెలుగులో మిరప్పొడి. కలిపితే ప్రేమ." ఎంత ఆలోచించినా తెగలేదు. ఒకరోజు రోట్లో మిరపకాయలు దంచుతూ, కండ్ల వెంబడి నీళ్ళు కారుతుంటే తోచింది. మమ అంటే నాది. కారం తెలిసిందే. మమకారం! రోకలి పారేసి పరుగెత్తాను. పంచ గుమ్మం దాకా వచ్చేశాక గుర్తొచ్చి, నాలుక కరుచుకుని వెనక్కి మళ్ళాను. ఆ మాట నేరుగా ఆయనకే చెప్పి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మంచి ముడి విప్పినప్పుడు వేసినవాడి మొహం చూడాలి. నేను ఎన్ని విప్పినా ఆ మొహం చూడలేదు.

చూపు తగ్గుతున్నకొద్దీ పలక మీద గళ్ళు పెద్దవవుతూ వచ్చాయి. మొదట నిండా గళ్ళుండే పలకలో తర్వాత నాలుగైదు గళ్ళే పట్టేవి. ఆఖరుకు తాను గీసిన గీత తనకే కనబడక, ఒక గీత మీద ఇంకో గీత గీసేవాడు. అత్త ఆ పలక తెచ్చి నాకు చూపించి తీసుకుపోయేది.

కడప వైపు మిషను ఆస్పత్రిలో కంటికి ఆపరేషను చేస్తారని, చాలామందికి చూపు వచ్చిందని నా భర్త కనుక్కుని వచ్చాడు. మామ మొదట ససేమిరా అన్నాడు. "ఒకటి సూదిగానికి ఇస్తి. ఇది కూడా పాయనంటే నా గతేంది?" అన్నాడు. అడిగిన దాంట్లో తప్పేముంది? నా భర్త చెప్పీ చెప్పీ అలసిపోయాడు. ఆఖరుకు ఒకరోజు మామే అన్నాడు, "నా గళ్ళు నేను గీసుకోవాలప్పా. పా, పోదాం" అని.

ఎద్దులబండిలో, తర్వాత రైల్లో, మళ్ళీ బండిలో పోయాం. ఆపరేషను చేసింది దొరసాని డాక్టరు. బాగా జరిగిందని, పొర మొత్తం వచ్చేసిందని చెప్పింది. అయితే కన్ను కోసిన చోట అతుక్కునే దాకా కదలకూడదు. మామను వెల్లకిలా పడుకోబెట్టి, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, రెండు కండ్లకూ కట్టు కట్టారు. నర్సమ్మ మా అందరికీ తెలుగులో గట్టిగా చెప్పింది. తల ఎత్తకూడదు, తుమ్మకూడదు, దగ్గకూడదు, గట్టిగా నవ్వకూడదు. ఏ కాస్త అదురు తగిలినా కన్ను పోతుంది. మామ దానికోసం ముందుగానే నశ్యం మానేసి ఉన్నాడు. అంత భయభక్తులతో ఉన్న రోగిని తాను చూడలేదని నర్సమ్మ మెచ్చుకుంది కూడా.

నా భర్త సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. అత్త పగలూ రాత్రీ మంచం పక్కనే ఉండేది. నేను బయట రోగుల వాళ్ళు వండుకునే కొట్టంలో మూడు రాళ్ళ పొయ్యి మీద గంజి కాచేదాన్ని. మామ మంచానికి ఒక పక్క తెల్లగుడ్డ తెర ఉండేది. నేను తెర ఇవతలి దాకా వచ్చి గిన్నె అత్త చేతికిచ్చి పోయేదాన్ని. ఊరు మారినా, ఆయన కండ్లకు కట్టున్నా, మర్యాద మర్యాదే.

కదలకుండా పడుకోవడం మామకు నరకమైంది. పొద్దు పోవడానికి మళ్ళీ ముడులే దిక్కయ్యాయి. మెల్లగా, పెదవులు మాత్రం కదిలించి అత్తకు చెప్పేవాడు. అత్త నాకు చెప్పేది. నవ్వు వచ్చేవి వద్దని అత్త ముందే కట్టడి పెట్టింది. అన్నీ బాగానే నడుస్తున్నాయి. ఇంకొన్ని రోజులుంటే కట్టు విప్పుతామని దొరసాని చెప్పింది.

ఆ మధ్యాహ్నం నేను గంజి తీసుకుని తెర దగ్గరికి వచ్చేటప్పటికి అత్త లేదు. బావి దగ్గర గుడ్డలు ఉతకడానికి పోయింది. మామ నిద్రపోతున్నాడనుకుని పోయిందేమో. నేను తెర ఇవతల గిన్నె పట్టుకుని నిలబడ్డాను. నా అడుగుల చప్పుడు విని ఆయన అత్తే వచ్చిందనుకున్నాడు.

"ఏమ్మే, ఇది చెప్పు ఆ పాపకు. మడక తిరగబడితే మిగిలేదేంది?"

ఆ పాపంటే నేనే. నాకు వెంటనే తట్టింది. మడక అంటే మా వైపు నాగలి. వెనక నుంచి చదివితే కడమ, అంటే మిగిలింది. కానీ ఎట్లా చెప్పను? గమ్మున ఉండిపోయాను. అత్త వస్తుందేమోనని గుమ్మం వైపు చూశాను. రాలేదు.

"ఏమ్మే? ఇంటాండావా?" అన్నాడు మళ్ళీ.

నేను పలకలేదు.

"ఏమ్మే! యాడికి పాయ ఈమె?" అంటూ ఆయన మెడ బిగిసింది. తెర సందులోంచి చూస్తున్నాను. తల ఇసుక సంచుల మధ్య నుంచి పైకి లేవబోతోంది. నర్సమ్మ కోసం అరిచేంత వ్యవధి లేదు. ఇంకేమీ తోచలేదు.

"మామా, తల ఎత్తొద్దు! కడమ. జవాబు కడమ" అన్నాను.

ఆయన తల ఆగిపోయింది. మెల్లగా వెనక్కి, దిండు మీదికి వాలింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ మరుక్షణమే ఆయన దగ్గాడు.

అదే దగ్గు. గుమ్మం అవతల నిలబడి దగ్గే దగ్గు. కోడలు దగ్గర్లో ఉందని తెలిశాక ఆయన గొంతు ఆయన మాట వినలేదు. ఒక్కసారే దగ్గాడు. తర్వాత చెయ్యి కట్టు మీదికి పోయింది. "తడి తగుల్తాంది" అన్నాడు చిన్నగా.

నేను గిన్నె వదిలేసి వరండాలోకి పరుగెత్తి కేకలు పెట్టాను. నర్సమ్మ వచ్చింది, దొరసాని వచ్చింది. దొరసాని కట్టు విప్పి చూసింది. కోసిన చోట విచ్చుకుని లోపలి నీరంతా కారిపోయిందని, ఇక చేయగలిగిందేమీ లేదని నర్సమ్మ మాకు చెప్పింది. ఎందుకు దగ్గావని దొరసాని అడిగించింది.

"కోడలు వచ్చిండాది కదమ్మా. దగ్గకుంటే ఎట్ల?" అన్నాడు మామ.

నర్సమ్మ ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చింది. దొరసానికి అర్థం కాలేదు. ఇంకోసారి అడిగింది. నర్సమ్మ ఇంకోసారి చెప్పింది. దొరసాని మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసి, తల అడ్డంగా ఊపుతూ వెళ్ళిపోయింది. అంత చదువుకున్న మనిషికి అర్థం కాకపోవడంలో ఆశ్చర్యమేముంది? అర్థమైన మాకే అది నోటితో చెప్పుకోలేనంత సిగ్గుగా ఉండింది.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అత్త మాత్రం తన్ను తాను తిట్టుకుంది, ఆ గుడ్డలు ఉతక్కపోతే ఏం మునిగిపోయేదని. నేను పలక్కుండా ఉంటే ఆయన తల ఎత్తేవాడు, కన్ను పోయేది. పలికాను, దగ్గాడు, కన్ను పోయింది. ఎన్నిసార్లు ఆలోచించినా నాకు మూడో దారి దొరకలేదు. ఉన్న మూడో దారి ఒక్కటే. పెండ్లయిన రోజు నుంచే నేను ఆయనతో మామూలుగా మాట్లాడుతూ ఉండాల్సింది. మనిషి ఎదురుపడితే దగ్గడమేమిటి? నోరుంది, పలకరించకూడదా? ఈ మర్యాద ఎవడు కనిపెట్టాడో గానీ, వాడు నా ఎదుట పడితే కడిగి పారేసి ఉండేదాన్ని.

ఇంటికి వచ్చాక చాలా నెలలు మామ ముడులు వేయలేదు. అరుగు మీద కూర్చుని ఉండేవాడు, అంతే. దగ్గడం పూర్తిగా మానేశాడు. నిజంగా జలుబు చేసినప్పుడు కూడా తువ్వాలు నోట్లో కుక్కుకుని ఆపుకునేవాడు. ఇక దగ్గు ఆపుకుని కాపాడుకోవాల్సిన కన్ను లేదు, దగ్గితే పోయే కన్నూ లేదు. అయినా ఆపుకునేవాడు. లోపల నుంచి అది చూస్తుంటే నాకు ఏడుపు ముంచుకొచ్చేది.

ఒక మధ్యాహ్నం అత్తకు ఓపిక నశించింది. వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టి లాక్కుపోయింది. పంచలో మామ ఎదురుగా చాప పరిచి, "కూసో ఈడ. ఇంగ దాంకునేది యాముంది? ఊరోళ్ళు ఏమన్నా అనుకోనీ, నేను చూసుకుంటా. నాతో కాదు మీ ఇద్దరి మద్దెన తిరిగేది" అంది. కూర్చున్నాను. మామ గొంతు కదిలింది గానీ దగ్గు రానివ్వలేదు.

"కూసున్నావామ్మా?" అన్నాడు. ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

"కూసున్నా మామా."

ఆ రోజు నుంచి ఆయన పోయేదాకా, ఎన్నో మధ్యాహ్నాలు అట్లాగే గడిచాయి. ఆయన గళ్ళు చెప్పేవాడు, నేను పలక మీద గీసేదాన్ని. ఆయన ముడి వేసేవాడు, నేను విప్పి, ఎట్లా విప్పానో చెప్పేదాన్ని. అప్పుడు ఆయన మొహం చూసేదాన్ని. విప్పినప్పుడల్లా నోరు కొంచెం తెరుచుకుని, కనుబొమ్మలు పైకి లేచి, పిల్లవాడికి బెల్లం ముక్క పెట్టినట్టు ఉండేది ఆ మొహం. ఇన్నేళ్ళు గోడ అవతల నేను కోల్పోయింది ఇదా అనిపించి, చేతిలో బలపం ఆగిపోయేది.

ఒకరోజు గళ్ళన్నీ నిండాయి. పలక తుడవబోతుంటే మామ ఉండమన్నాడు.

"అమ్మా, ఒకటి అడుగుతా. తప్పనుకోవద్దు. నువ్వు ఎట్లుంటావు?"

నాకు అర్థం కాలేదు. ఇదేదో కొత్త ముడి అనుకుని ఆలోచనలో పడ్డాను.

"ముడి కాదమ్మా. నేరుగానే అడుగుతాండా. నీ మొగం ఎట్లుంటాది? నేను ఎప్పుడూ చూడల్యా."

అత్త చెరుగుతున్న చాట పక్కన పెట్టింది. ఎట్లాగో చెప్పాను. "నల్లగుంటా మామా. మొగం కోల. ముక్కు కొంచెం మొద్దుగుంటాది. చిన్నప్పుడు అమ్మవారు పోసింది, ఎడమ బుగ్గ మీద మచ్చలుండాయి."

"అమ్మవారు పోసిందా? నాకు ఎవురూ చెప్పల్యా" అన్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేనున్న వైపుకే తల తిప్పుకుని కూర్చున్నాడు.

"నాకు కన్నుండే దినాల్లో నువ్వు ఈ ఇంట్లోనే ఉంటివి కదమ్మా" అన్నాడు.

"ఈ ఇంట్లోనే ఉన్నా మామా" అన్నాను.